మునిగిన పడవ కాదు, ముంచిన పడవ

ఆత్మకూరుకు దక్షిణాన పెన్న రేవులో మేము దిగింది నడివేసవి మిట్టమధ్యాహ్నం. పట్టాళం జట్టు, పదకొండు మందిమి. గొడ్డళ్లు ఆరు, గునపాలు నాలుగు, మోకులు రెండు చుట్టలు, రంపం ఒకటి. కరువు అప్పుడప్పుడే వదిలింది. ఎండలకు నది సన్నటి పాయగా, అక్కడక్కడ మడుగులుగా మిగిలింది.

రేవుకు అడ్డం లేకుండా, పోయిన వరదకు మునిగిన పడవలన్నీ పైకి లాగి, నరికి, తగలబెట్టాలని ఉత్తరువు. గడువు తొమ్మిది రోజులు. మా సుబేదారు తమిళుడు. జట్టులో తెలుగువాణ్ని నేనొక్కణ్నే. మాది ఉదయగిరి కొండకింది పల్లె. చెంబెడు నీళ్లకు కొట్లాడుకునే ఊరు. పడవంటే ఏమిటో పట్టాళంలో చేరాకే చూశాను. అయినా అంతా తెలిసినట్టు మీసం తిప్పేవాణ్ని.

నాలుగు రోజుల్లో మూడు తీశాం. ఐదోనాటి ఉదయం ఏడింటికి లోతు మడుగులో నాలుగోది దొరికింది. నిండా రాళ్లున్నాయి. రాళ్లు తీసి ఒడ్డుకు లాగేసరికి ఒక ముసలామె రొప్పుతూ వచ్చింది. పడవవాడి తల్లి.

"అది మునిగిన పడవ గాదు నాయనా! మేమే ముంచినాం. నా కొడుకు కలువాయికి పోయుండాడు. వాడొచ్చిందాకా ఆగండి!"

"సొంత పడవని ఎవురన్నా ముంచుకుంటారా అవ్వా? నిండా మునిగినాక ఇంక చలేంది, పో!" అని నవ్వాను.

మా వడ్రంగి చెక్కను గోటితో గీకి, "పుచ్చు లేదే" అన్నాడు. ముసలామె ఏమంటోందని సుబేదారు నన్ను అడిగాడు.

"కరువుకు మతి చెడింది, అయ్యా" అన్నాను.

మధ్యాహ్నానికి ముక్కలైంది. ఎండుకంప పేర్చి అంటిస్తే నాలుగు గంటలకు బూడిదైంది.

ముసలామె ఆ బూడిద పక్కనే కూర్చుంది. "ఎండకి చెక్క నెర్రెలిస్తాదిరా. అందుకే ఏటా రాళ్లేసి ముంచి పెడతాం, నీళ్లు రాంగానే తేలుస్తాం. కరువులో ఎడ్లు పోయినాయి, నా కోడలు పోయింది. దీన్ని మాత్రం అమ్ముకోలా" అంది. సుబేదారుకు చెప్పే ధైర్యం లేకపోయింది. ఛీ, అదేం బతుకు!

గడువు తీరాక వెనక్కి నడిచాం. పట్టాళం వదిలి ఊరు చేరాక మీరంతా యుద్ధం సంగతులే అడుగుతారు. చెబుతూనే ఉన్నాను. ఇది మాత్రం ఇన్నాళ్లూ చెప్పలేదు. తప్పు సుబేదారుది కాదు, నాది.

పడవ కాల్చిన మర్నాడు పదింటికి ఆమె కొడుకు అవతలి ఒడ్డున, చేజర్ల వైపు నుంచి దిగాడు. పడవ సందులు పూడ్చే గుగ్గిలం మూట నెత్తిన ఉంది. వాడికింకా ఎవరూ ఏమీ చెప్పలేదు. తిన్నగా మడుగులోకి వచ్చాడు.

"అయ్యా, మా పడవ ఈడనే ఉండాల. చూసినారా?" అని నన్నే అడిగాడు.

ఇవతలి ఒడ్డున తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల దించుకున్నాను. వాడు మూట తడవకుండా ఒక చేత్తో పట్టుకుని, రొమ్ములోతు నీళ్లలో కాళ్లతో పడవను వెతుక్కుంటున్నాడు. కాలికి రాయి తగిలినప్పుడల్లా ఆగి, చుట్టూ తడిమి చూసి, ఇంకో అడుగు వేస్తున్నాడు.