బొబ్బెర మడికి కట్టిన తడక

నా మొదటి భర్త భివండిలో చనిపోయాడు. అక్కడ మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. జ్వరం తగిలిందనీ, కొద్ది రోజుల్లోనే పోయాడనీ, అక్కడే దహనం చేశామనీ అతనితో కలిసి ఉండే మా ఊరి మనిషి వచ్చి చెప్పాడు. తను మోసుకొచ్చిన రేకు పెట్టె అరుగు మీద పెట్టాడు. అందులో రెండు అంగీలు, దువ్వెన, సగం అరిగిన సబ్బుబిళ్ళ ఉన్నాయి. ఎలుకలు కొరుకుతాయని సబ్బు తీసి పైన గూట్లో పెట్టాను. నాకు చేయాలనిపించిన పని అదొక్కటే.

ఆడవాళ్ళు వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. ఒకామె నా ఒళ్ళో తల పెట్టి ఏడుస్తుంటే ఆమె కొప్పు ముడి విడిపోతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. పిల్లకు ఏడుపు రావడం లేదని, ఎట్లాగైనా ఏడిపించమని వాళ్ళు మా అత్తకు చెప్పారు. గొంతు పోయేదాకా ఏడ్చిన మా అత్త మాత్రం నన్ను ఏమీ అనలేదు. దినాలు అయిపోయిన తర్వాత ఒక పొద్దున నా చేతికి పార ఇచ్చి తోటకు తీసుకుపోయింది.

మెట్‌పల్లికి దగ్గర్లోనే మా ఊరు. గుట్ట కింద మా పొలంలో ఎక్కువ భాగం పసుపు. బావి పక్కన కొంత చోటు మాత్రం మా అత్తది. అక్కడ ఆమె పాలకూర, కొత్తిమీర, గోకర, బొబ్బెర పండించి అంగడికి తీసుకుపోయేది. దసరా దాటాక వేసిన బొబ్బెర మొలకెత్తి రెండాకులు వేసింది. మేము పోయేసరికి ఒక సాలు మొత్తం పుల్లలే మిగిలాయి. కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు ఉన్నాయి. పక్కనే గుండ్రటి పెంటికలు.

"చెవులపిల్లులు," అంది అత్త. కుందేలును మా వైపు అట్లాగే అంటారు.

మొదట సాళ్ళ మధ్య బూడిద చల్లాం. తర్వాత పేడ నీళ్ళలో కలిపి ఆకుల మీద చిలకరించాం. ఆ వాసనకు అవి రావని అత్త నమ్మకం. కొన్నాళ్ళు రాలేదు కూడా. మడికి నీళ్ళు పెట్టి, మంచు కురిసి ఆకులు కడిగినట్టయ్యాక మళ్ళీ వచ్చాయి. చుట్టూ రేగుకంప వేశాం. కంప కింద సందులు చూసుకుని దూరాయి. నేను రోజూ తిన్న మొక్కలు పీకేసి, ఆ గుంటల్లో కొత్త గింజలు పెట్టేదాన్ని. కోపం రాలేదు, విసుగూ రాలేదు. పెట్టమంటే పెట్టాను.

మా మరిది ఒకనాడు మెట్‌పల్లి నుంచి చిన్న డబ్బాలో మందు తెచ్చాడు. మిరపకూ పత్తికీ కొట్టేందుకు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వచ్చిన పురుగుల మందు అది. నూకల్లో కలిపి గట్టు పొడుగునా పెడితే ఒక్క చెవులపిల్లి కూడా మిగలదన్నాడు.

మరిది కూతురు అప్పుడే నడక నేర్చింది. తోటకు వస్తే చాలు, ఏ ఆకు అందితే అది తెంపి నోట్లో పెట్టుకునేది. అత్త ఆ పిల్లను చంకనెత్తుకుని కొడుకు వైపు చూసింది.

"ఒక కొడుకును పోగొట్టుకున్న. గీ ఇంట్ల ఇంకొక పీనుగును చూడలేను. గా డబ్బ తీస్కపోయి ఇచ్చిరా."

మరిది డబ్బా పట్టుకుని పోయాడు. మర్నాడే అడవి నుంచి వచ్చిన బండి మీద వెదురు తెచ్చి బావి దగ్గర వేశాడు.

అత్త వెదురు చీల్చి బద్దలు చేసేది, నేను అల్లేదాన్ని. కిందికి వచ్చేకొద్దీ అల్లిక బిగుతుగా, వేలు కూడా పట్టనంత దగ్గరగా ఉండాలంది. మడి చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వి, తడక అడుగు అందులోకి దించి, రాళ్ళు వేసి మట్టి కప్పాం. చెవులపిల్లి తవ్వబోయినా రాయి అడ్డం వస్తుంది. అల్లుతుంటే ఒకసారి అత్త ఉన్నట్టుండి నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. బద్దల చివర్లు గీరుకుని వేళ్ళ నిండా నెత్తురు. నొప్పి పెడుతుందా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు. పసుపు అద్ది గుడ్డ చుట్టింది. ఆ రోజుకు చాలన్నా నేను చీకటి పడేదాకా అల్లాను.

తడక పూర్తయిన మర్నాటి పొద్దున చూస్తే లోపల ఒక చెవులపిల్లి ఉంది. మేము ఆఖరి పక్క మూసేటప్పుడే ఎక్కడో పాదుల్లో నక్కి ఉండాలి. బయటికి దారి దొరక్క తడక వెంబడి తిరుగుతోంది. వదిలేద్దామా అని అడిగాను. ఇన్ని రోజులు మన బొబ్బెర తిన్నది, ఇయ్యాల దాన్ని మనం తిందాం అంది అత్త. మరిది గోనెసంచి వేసి పట్టాడు.

మధ్యాహ్నం అత్త కూర వండి ముందు నాకే పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. రెండోసారి వేస్తే అదీ తిన్నాను. తర్వాత మరిది వచ్చి కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"అవ్వా, ఉప్పే వెయ్యలే గదనే."

అత్త గంటె అట్లాగే పట్టుకుని నా విస్తరి వైపు చూసింది. అందులో ఎముకలు తప్ప ఏమీ లేవు. ఆ సాయంత్రమే మా బాపుకు కబురు పంపింది.

బాపు హుజూరాబాద్ దగ్గరి నా పుట్టింటి ఊరి నుంచి వచ్చేటప్పటికి బొబ్బెర పూతకు వచ్చింది. అత్త ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి నా ఎదుటే చెప్పింది.

"తీస్కపో అన్నా. పనికి లోటు చేస్తలేదు. గని గీ ఇంట్ల ఉంటే గిట్లనే ఎండిపోతది. జర తేరుకున్నంక ఏడనన్న మారుమనువు చెయ్యి. నాకేం రంధి లేదు."

కాయ తెంపినాక వస్తానన్నాను. బాపు ఏమంటాడోనని అత్త ఆయన వైపు చూసింది. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని సరే అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడని తర్వాత అత్త చెబితే తెలిసింది.

ఆ పంటకాలం బొబ్బెర బాగా కాసింది. తడక లోపలికి మళ్ళీ ఒక్క చెవులపిల్లీ రాలేదు. పొద్దున్నే ఇద్దరం తెంపి గంపలకు ఎత్తేవాళ్ళం, అత్త అంగడికి పోయేది. పసుపు తవ్వకాలు మొదలయ్యే ముందు బాపు బండి కట్టుకుని వచ్చాడు.

మరుసటి ఏడు నాకు మళ్ళీ పెళ్ళి చేశారు. అత్త వచ్చింది. కానుకగా రవికెగుడ్డ పెట్టింది. పెళ్ళిపందిట్లో నా పక్కన కూర్చుని తోట సంగతులు చెప్పింది. తడక అడుగున చెదలు పట్టిందట, మరిది మళ్ళీ అల్లాడు కానీ వదులుగా అల్లాడట. నేను వింటూ ఉన్నాను. పోయేటప్పుడు ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి కాసేపు తీయలేదు. నాకు ఏడుపు రాలేదు. చెయ్యి వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది.