సురంగల్ చేలో సూర్యుణ్ణి విన్నాం

మా కాలేజీ మైదానంలో ఒక ఉదయం టెలిస్కోపుకు ఫిల్టర్ బిగించి పిల్లలకు సూర్యుడి మీది మచ్చలు చూపించాను. నేను అక్కడ ఫిజిక్స్ చెప్తాను. ఆ వరుసలో సంగీతం టీచర్ సుగుణ కూడా నిలబడింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తన వంతు వచ్చినప్పుడు ఆ మచ్చలు ఎట్లా ఉన్నాయో వర్ణించడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు విని, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "లలితా, నేను వింటున్నది నీ మాట. సూర్యుణ్ణి కాదు గదా," అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. ఆ ఒక్క మాట నాతో రెండేళ్లు పని చేయించింది.

సూర్యుణ్ణి నిజంగానే వినవచ్చు. సూర్యుడి మీద పేలుడు జరిగినప్పుడు ఎలక్ట్రాన్లు గుంపులుగా, విపరీతమైన వేగంతో బయటికి దూసుకొస్తాయి. చుట్టూ ఉన్న ప్లాస్మాలోంచి, అంటే విద్యుదావేశంతో నిండిన వేడి వాయువులోంచి, అవి పోతుంటే ఆ ప్లాస్మా కంపించి రేడియో తరంగాలు పుడతాయి. ఎనిమిది నిమిషాల్లో అవి భూమిని చేరతాయి. ఈ మధ్య కొన్ని అంతరిక్ష నౌకలు సూర్యుడికి బాగా దగ్గరగా వెళ్లి ఈ ఎలక్ట్రాన్ల గుంపులనే కొలుస్తున్నాయి. కింద ఉన్న మనకు ఒక తీగ, ఒక షార్ట్‌వేవ్ రిసీవర్, చుట్టూ కరెంటు సామాన్ల రేడియో రొద లేని నిశ్శబ్దం ఉంటే చాలు. ఆ నిశ్శబ్దమే నాకు దొరకలేదు. మా డాబా మీద ఎల్‌ఈడీ బల్బుల గోల, లిఫ్టు గోల. ఇక లాభం లేదని చేవెళ్ల రోడ్డు పక్కన ఒక ఫామ్‌హౌస్‌కు వెళ్లాం. అక్కడ హోరు వినగానే "ఇదే సుగుణా!" అని గట్టిగా అరిచాను. అది పక్క షెడ్డులోని వెల్డింగ్ మిషన్ అని పది నిమిషాలకు తేలింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సుగుణ, "ఇంకొక్కసారి వస్త. కానీ ఏదో గరగర వినిపించి ఇదే సూర్యుడు అనకు. తెల్వకపోతే తెల్వదని చెప్పు," అంది.

ఆ ఇంకొక్కసారి కోసం మొయినాబాద్ మండలంలోని సురంగల్‌ను ఎంచుకున్నాను. మా ఆఫీసు క్లర్కు బావ బాల్‌రెడ్డికి అక్కడ కూరగాయల తోట ఉంది. సూర్యుడి మీద, పేలుళ్లు పుట్టే పెద్ద మచ్చల గుంపు ఒకటి మనవైపు తిరిగి ఉన్న వారం చూసుకుని, ఆదివారం ఉదయం ఏడింటికి మెహదీపట్నంలో బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. రోడ్డు పనుల వల్ల మొయినాబాద్ చేరడానికి గంటకు పైనే పట్టింది. అక్కడ ఇడ్లీ తిని, రెండు వందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాం. నా ఒళ్లో ఉన్న రాగితీగ చుట్టను డ్రైవర్ అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, కరెంటు పని మీద వచ్చిన్రా?" అని అడిగాడు.

"కాదన్నా. సూర్యుడి సప్పుడు విననీకి పోతున్నం," అంది సుగుణ.

అతను ఆటో వేగం తగ్గించి మరీ వెనక్కి తిరిగాడు. "గంత దూరంకెల్లి ఇనవడుతదా?"

"జర ముందు చూసి నడుపు. మేం బతికుంటే విని చెప్తం," అంది. అతను నవ్వుతూ దారంతా సూర్యుడి గురించి ప్రశ్నలే అడిగాడు.

బాల్‌రెడ్డి, అతని భార్య పద్మ గేటు దగ్గరే ఎదురొచ్చారు. బీర పందిళ్ల ఇనుప తీగలకు దూరంగా, చామంతి తీసేసిన ఖాళీ మడిలో బాల్‌రెడ్డి రెండు పొడవాటి వెదురు గడలు పాతి ఇచ్చాడు. వాటి మధ్య ఆరు మీటర్ల తీగ కట్టి, రిసీవర్‌ను లాప్‌టాప్‌కు కలిపి, హెడ్‌ఫోన్ సుగుణ చేతికిచ్చాను. ఆమె దాన్ని పెట్టుకుని, తల కొద్దిగా పక్కకు వంచింది.

"రెండు సప్పుళ్లున్నయి," అంది కాసేపటికి. "ఒకటి గుయ్‌మని ఆగకుండ వస్తున్నది. ఇంకోటి సెకనుకు ఒకసారి టిక్‌మంటున్నది. తాళం తప్పుత లేదు."

హెడ్‌ఫోన్ తీసుకుని వింటే నాకు గుయ్‌మనే గోల ఒక్కటే వినిపించింది. ఆ టిక్ ఏమిటో బాల్‌రెడ్డికి వెంటనే తట్టింది. "గది అడివి పందుల కోసం పెట్టిన ఝట్కా మిషనక్కా. కంచె తీగకు షాక్ కొడుతది. పందులు రాత్రి పూటనే వస్తయి, ఇప్పుడు బంద్ చేస్తే ఫికర్ లేదు," అంటూ వెళ్లి ఆపేశాడు. టిక్ పోయింది. ఆ గుయ్‌మనేది బోరు మోటారు. దాన్నీ ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఎండ మండుతోంది, డ్రిప్పు నడుస్తోంది.

పద్మ అది గ్రహించి పందిరి వైపు చూసింది. "పూత మీదున్నది అక్కా. పదకొండు నుంచి ఒంటిగంట దాంక ఆపుత. గంతకంటె ఎక్కువ నాతోని కాదు."

మోటారు ఆగగానే హెడ్‌ఫోన్‌లో మిగిలింది సన్నటి, మెత్తటి శబ్దం ఒక్కటే. రెండేళ్లుగా నేను వెతుకుతున్న నిశ్శబ్దం అది. పదకొండున్నర అయింది, పన్నెండయింది. ఏమీ రాలేదు. నేను హెడ్‌ఫోన్ అడిగితే సుగుణ ఇవ్వలేదు. పన్నెండున్నరకు పద్మ జొన్నరొట్టెలు, బీరకాయ పచ్చడి తెచ్చింది. సుగుణ ఒక చెవికి హెడ్‌ఫోన్ అదిమిపెట్టుకునే తింది. వెంట తెచ్చిన చిన్న రేడియోలో దూరదేశపు షార్ట్‌వేవ్ స్టేషన్ ఒకటి పెట్టి పక్కన ఉంచాను. ఏదో భాషలో పాట వస్తోంది. పన్నెండూ నలభై దాటాక పద్మ లేచి మోటారు స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లి నిలబడింది.

సుగుణ చెయ్యి పైకి లేచింది. సగం తిన్న రొట్టె కింద పడింది. "లలితా, టైం రాస్కో!"

పన్నెండూ నలభై ఎనిమిది. లాప్‌టాప్‌లో రేడియో బలాన్ని చూపే గీత మెల్లగా పైకి లేచి, ఇంకా లేచి, అంచును తాకింది. అర నిమిషం నిలిచి, నెమ్మదిగా దిగింది. దిగిపోయాక సుగుణ అంది: "షాబాద్ దిక్కు నుంచి వాన ఉరికొచ్చి రేకుల మీద పడి, మనల్ని దాటి పోయినట్టున్నది. మోటర్ కాదు, మిషన్ కాదు. దీనికి తాళం లేదు. ఏందిది?"

ఇదేనని నోటిదాకా వచ్చింది. అయినా, "ఇంకా తెల్వదు," అన్నాను. ఆమె తలూపింది.

మూడు నిమిషాలకు చిన్న రేడియోలోని పాట సన్నబడి, సన్నబడి, పూర్తిగా ఆగిపోయింది. "సెల్లు అయిపోయినయా?" అంది పద్మ. ఎఫ్‌ఎం తిప్పితే హైదరాబాద్ స్టేషన్ గణగణమంటోంది. సెల్లు బాగానే ఉన్నాయి. పెద్ద పేలుడు జరిగితే దాని ఎక్స్‌రేలు మన పైవాతావరణాన్ని తాకుతాయి, పగలున్న ప్రాంతాల్లో దూరపు షార్ట్‌వేవ్ స్టేషన్లు కాసేపు మాయమవుతాయి. అది నాకు తెలుసు. ఫోన్ సిగ్నల్ గేటు దగ్గరే దొరుకుతుంది. చెప్పులు వదిలేసి పరుగెత్తాను. ఉపగ్రహాలు కొలిచే సూర్యుడి ఎక్స్‌రే గ్రాఫ్ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. తెరిచాను. సరిగ్గా మేము రాసుకున్న నిమిషం దగ్గర గీత నిట్టనిలువుగా లేచి ఉంది.

తిరిగి పరుగెత్తుకొచ్చేసరికి ముగ్గురూ నా వైపే తిరిగి ఉన్నారు. సుగుణ నా రొప్పు విని అడిగింది, "చెప్పు. తెల్వదంటవా?"

"తెలిసింది. నువ్వు విన్నది సూర్యుణ్ణే."

ఆమె నన్ను గట్టిగా పట్టుకుని, తోటంతా వినిపించేలా నవ్వింది. "మొదలు విన్నది నేనే! మీరందరూ చూడక ముందే విన్న! గది కూడ రాయి!" రాశాను. బాల్‌రెడ్డి చుట్టుపక్కల చేలవాళ్లకు ఫోన్లు కొట్టాడు. ఒంటిగంట దాటిపోయినా పద్మ మోటారు వెయ్యలేదు. "మల్లొకసారి వస్తదేమో, ఉండనీ," అని అర గంట తనే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. మళ్లీ రాలేదు కానీ, రేడియోలో దూరదేశపు పాట మెల్లగా తిరిగొచ్చింది. వచ్చినవాళ్లందరికీ వంతులవారీగా హెడ్‌ఫోన్ పెట్టి రికార్డింగ్ వినిపిస్తూ, ఎక్కడ మొదలయింది, ఎక్కడ తారస్థాయికి చేరింది అని సుగుణ పాఠం చెప్పింది.

సాయంత్రం మార్కెట్‌కు పోతున్న బాల్‌రెడ్డి బీరకాయల ట్రాలీలో చేవెళ్ల వరకు వెళ్లి అక్కడ బస్సెక్కాం. బస్సులో ఉండగానే, నేను రికార్డింగ్ పంపిన రేడియో ఔత్సాహికుల గుంపు నుంచి మెయిల్ వచ్చింది. మాలాగే ఇంట్లో రిసీవర్ తయారుచేసుకున్న ఒకాయన, వేరే రాష్ట్రంలో, అదే నిమిషానికి అదే హోరు రికార్డు చేశాడు. సుగుణ ఆ మెయిల్ నాతో మూడుసార్లు చదివించుకుంది.

నేను ఇరవై రెండేళ్లుగా సూర్యుడి గురించి పాఠం చెప్తున్నాను. బోర్డు మీద గీసిన ఎలక్ట్రాన్లకు లెక్కలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం అవి నిజంగా బయల్దేరాయి, వాటి చప్పుడు నిజంగా చేరింది. దాన్ని పట్టుకున్నది నా కళ్లు కాదు, నా స్నేహితురాలి చెవులు. ఇప్పుడు మా కాలేజీలో సూర్యుడి పాఠం ఇద్దరం కలిసి చెప్తున్నాం. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సలహా: హెడ్‌ఫోన్‌తో పాటు చిన్న స్పీకర్ తీసుకెళ్లండి. మేము మరిచిపోయాం. ఆ అర నిమిషం వచ్చినప్పుడు పక్కన తోటవాళ్లు ఉంటారు, సూర్యుడు వాళ్లకూ వినిపించాలి.