కుడి చెవి నుంచి ఎడమ చెవికి

మా ముత్తాత జనార్దనరావు గారు మరిపెడ వైపు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత గోపాలరావు గారు పోలీస్ పటేల్. ఆయన కచేరీకి వస్తే తహశీల్దారు కుర్చీలోంచి లేచేవాడని చెప్తారు. మా నాన్న సీతారామారావు గారి నాటికి పదవి పోయి పేరు మిగిలింది. నా నాటికి మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఒక సెల్‌ఫోన్ దుకాణంలో ఉద్యోగం మిగిలింది. ఎవరి జాలి కోసమో ఇది రాయడం లేదు. చెప్పే మనిషి ఎవరో తెలియకపోతే ఇలాంటి సంగతికి విలువ ఉండదు కనుక రాస్తున్నాను.

ఇక దయ్యాల విషయం. మా గడీలో, అంటే కోటలాంటి మా ఇంట్లో, దయ్యాలున్నాయని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. మేం నాలుగు తరాలు అందులోనే తిని పడుకున్నాం. ఒక్కటీ కనిపించలేదు. చీకటిపడ్డాక జనం గడీ వైపు రాకుండా ఆ మాట మావాళ్లే పుట్టించారని నాన్న అనేవారు. అందుకే ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పటికీ అంతే.

తెలంగాణ ఉద్యమం చివరి ఏళ్లలో, సమ్మె నడుస్తున్న రోజుల్లో జరిగిందిది. బస్సులు డిపోలు దాటలేదు. బడులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లి వైపు బొగ్గు గనులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మా దుకాణం మాత్రం కిటకిటలాడేది. ఉద్యమ పాటలు మెమరీ కార్డులో ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ ఇయర్‌ఫోన్లు కొనేవాళ్లు. చెవిలో దూర్చుకునే రకం, అన్నిటికన్నా చవకవి.

హైదరాబాద్ నుంచి వచ్చిన సరుకులో ఏది అమ్మాలో ఏది వాపసు పంపాలో తేల్చడం నా పని. దుకాణం యజమాని యాదగిరికి నా చెవి మీద నమ్మకం. అతని తండ్రి ఒకప్పుడు మా ఇంట్లో పాలేరుగా జీతముండేవాడు. కొడుకు నాకు జీతమిస్తూ నన్ను మీరు అనేవాడు. కానీ సరుకు పెట్టె నా ముందుకు తోసినప్పుడల్లా ఒక మాట తప్పకుండా పడేది.

"మీ తాత లెక్క తీర్పు చెప్పుండ్రి దొరా. ఉంచుడా, ఎల్లగొట్టుడా?"

నేను నవ్వేవాణ్ణి కాదు. పని మొదలుపెట్టేవాణ్ణి.

ముందు పాట ఏదీ పెట్టకుండా వాటిని చెవిలో ఉంచుకుని కూర్చునేవాణ్ణి. ధ్వని తర్వాత సంగతి, మొదట చెవి ఒప్పుకోవాలి. చవకవాటిలో రబ్బరు తొడుగు బిరుసుగా ఉండి, కాసేపటికి లోపల నొప్పి మొదలవుతుంది. లేచి నడిచి చూడాలి, తీగ చొక్కాకు రాసుకున్న గరగర లోపలికి వస్తుందేమో తెలుస్తుంది. ఏదైనా నమిలి చూడాలి, దవడ కదిలితే జారిపోయేవి కొన్ని. ఆ తర్వాతే డప్పు ఉన్న పాట. నాసిరకం మాలులో డప్పు దెబ్బ ఉబ్బిపోయి పాడేవాడి గొంతును మింగేస్తుంది. జనం దాన్నే బేస్ అని మెచ్చుకుంటారు. ఒంటరి గొంతు పెట్టినప్పుడు స, శ అక్షరాలు ఈలలా కోస్తే ఆ పెట్టె వాపసు. ఆఖరున కుడి ఎడమల పరీక్ష. చాలావాటిలో ఎడమ అని గుర్తున్నది కుడివైపుది మోగిస్తుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. స్టూడియోలో తీసిన పాటలో ఒక వాయిద్యం కుడి పక్క, ఇంకొకటి ఎడమ పక్క వినిపించేలా చేయవచ్చు. యాదగిరి దగ్గరున్నటువంటి మామూలు సెల్‌ఫోన్‌తో మనం రికార్డు చేసుకున్నదానికి ఆ తేడా ఉండదు. దానికి ఉన్నది ఒకటే మైకు. రెండు చెవుల్లో ఒకే చప్పుడు పడుతుంది కనుక అది తల మధ్యలో వినిపిస్తుంది. అక్కడే ఉంటుంది, కదలదు.

మా అమ్మ అప్పటికి మంచంలో ఉంది. తుంటి ఎముక విరిగితే జనగామ దవాఖానలో కట్టించాను. ఎముక అతికింది గానీ నడక తిరిగి రాలేదు. గుండె కూడా బలహీనపడింది. ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అమ్మకు ఎవరూ చెప్పలేదు, తనకే తెలిసిపోయింది.

అమ్మ పుట్టిల్లు మొగుళ్లపల్లి దగ్గర. పెళ్లికి ముందు అక్కడ వీధిలో అందరితో కలిసి బతుకమ్మ ఆడేదట. గడీకి కోడలిగా వచ్చాక ఆట ఆగిపోయింది. మా ఇంటి ఆచారంలో గడీ ఆడవాళ్లు ఆడరు, ఆడిస్తారు. ఊరి ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చి ఆడి వెళ్లేవారు. అమ్మ ఎత్తు మీద కుర్చీలో కూర్చుని చూసేది. అది మా ఇంటి మర్యాద. తప్పని నేను అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు వాదించను.

ఆ సమ్మె రోజుల్లో మా గల్లీ ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు పేర్చి తెచ్చి నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడేవారు. బళ్లన్నీ నిలిచిపోయేవి. గడీ వదిలి మానుకోటలో మేం దిగిన కిరాయి గదుల్లోకి ఆ పాట వినిపించేది. అమ్మకు అప్పుడు పట్టుకుంది కోరిక. పోయేలోపు ఒక్కసారి వాళ్లతో కలిసి ఆడాలని.

యాదగిరి భార్య స్వరూప ఇంటికి వచ్చి, "కుర్చీల కూసోవెట్టి మేం తీస్కపోతం దొరసానమ్మా, గంతేనా" అంది.

"కుర్చీల కూసొని శానా ఏండ్లు సూసిన తల్లీ," అంది అమ్మ. "సూసుడు నాకొద్దు. ఆడుడు కావాలె."

స్వరూప నా వైపు చూసింది. నిలబడలేని మనిషిని ఆడించడం ఎవరి వల్లా కాదు.

ఒక రోజు వాళ్లు రోడ్డు మీద ఆడిన ఆటను యాదగిరి దుకాణం మెట్ల మీద నిలబడి తన ఫోన్‌లో రికార్డు చేశాడు. అమ్మకు కనీసం అదైనా వినిపిద్దామని నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఫోన్ స్పీకరులో పెడితే ఆమెకు రేకు డబ్బా మోగినట్టుంది. ఇయర్‌ఫోన్ వెతకాల్సి వచ్చింది.

అమ్మ చెవి రంధ్రం ఇరుకు. బరువైన కమ్మలు ఏళ్ల తరబడి లాగి తమ్మెలు సాగాయి, ఏది పెట్టినా నిలవదు. దుకాణంలో ఉన్న ప్రతి రకం తెచ్చి చూశాను. ఒకటి గుచ్చుతోందంది, ఒకటి జారుతోందంది. ఖరీదులో కాస్త మెరుగైనదాన్ని పెడితే, "తీయరా బిడ్డా, చెవుల పేడపురుగు దూరినట్టున్నది" అంది. చివరికి నేనే వద్దని పక్కన పెట్టిన సరుకులోంచి ఎర్ర తీగదొకటి తెచ్చాను. దాంట్లో డప్పు పలకదు, అందుకే వద్దన్నాను. తొడుగు మాత్రం మెత్తగా, చిన్నగా ఉంది.

"ఇది పెట్టినట్టే లేదు" అంది అమ్మ.

మధ్యాహ్నం పూట, కరెంటు లేదు, కిటికీ తెరిచి ఉంది. రికార్డు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి ఆమె తల కుడి నుంచి ఎడమకు మెల్లగా తిరగడం మొదలైంది. మళ్లీ కుడికి వచ్చేది, మళ్లీ ఎడమకు. చెవి నొప్పి పెట్టినప్పుడు మనిషి అలాగే మెడ తిప్పుకుంటాడు. నా పని అలవాటు కొద్దీ గుచ్చుకుంటోందనుకుని తీయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగురా. తిరుగుతున్నరు."

"ఎవరమ్మా?"

"ఎవలేంది? ఆడేటోళ్లు. నా సుట్టు తిరుగుతున్నరు."

తీసి నేను పెట్టుకున్నాను. ఒక గొంతు కుడి చెవి దగ్గర మొదలై, ముందు నుంచి సాగి, ఎడమ చెవికి చేరి, వెనక్కు వెళ్లింది. దాని వెనకాలే ఇంకో గొంతు. చప్పట్లు కూడా అలాగే కదిలి వెళ్తున్నాయి. పూలు పేర్చిన బతుకమ్మను పెట్టే నడుమ చోట నన్ను కూర్చోబెట్టినట్టుంది. రికార్డు చేసినవాడేమో వరుసకు బయట, మెట్ల మీద ఉన్నాడు.

నేను చేయాల్సిన పరీక్షలన్నీ చేశాను. అదే రికార్డు వేరే ఇయర్‌ఫోన్‌లో పెడితే మామూలుగా, కదలకుండా వినిపించింది. అదే సరుకులోంచి ఇంకో ఎర్ర తీగది తెచ్చి పెట్టాను, అందులోనూ మామూలే. అమ్మదాంట్లో వేరే పాట పెట్టాను, ఏ తేడా లేదు. ఆఖరుకు రెండు ముక్కలూ అటుదిటు, ఇటుదటు మార్చి చెవుల్లో పెట్టుకున్నాను. యంత్రం చేసే మాయ అయితే ఇప్పుడు వాళ్లు ఎడమ నుంచి కుడికి తిరగాలి. తిరగలేదు. కుడి నుంచి ఎడమకే తిరిగారు.

నేను లేచి కిటికీ మూసి, మళ్లీ తెరిచాను. ఎందుకు చేశానో తెలియదు.

రైళ్లు దొరికిన రోజు ఆ ఇయర్‌ఫోన్, ఫోన్ పట్టుకుని జనగామ వెళ్లాను. అక్కడ మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకాయన నాకు పరిచయం. రికార్డును కంప్యూటర్‌లో తెరిచి చూపించాడు. "రెండు దిక్కుల ఒకటే గీత సార్. మోనో. దీంట్ల తిరుగుడు యాడిది?" అన్నాడు. చెవిలో పెట్టుకుని విని, "మాలు గూడ సగటే. బేస్ లేదు" అన్నాడు. ఆయన దుకాణంలో నాకు కూడా ఏమీ తిరగలేదు. సిగ్గుపడి వచ్చేశాను. ఇంటికొచ్చి అమ్మ విన్నాక మళ్లీ పెట్టుకుంటే, తిరిగారు.

యాదగిరికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "దొరా, మీరు దినమంత చెవుల పుల్లలు వెట్టుకుంటే తలకాయ తిరుగక ఏమైతది?" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

అమ్మ రోజూ వినేది. చలి మొదలైంది, ఆమె తిండి తగ్గింది. ఒక పొద్దున నన్ను పిలిచింది.

"ఇయ్యాల ఆళ్లు తిరుగుతలేరురా."

పీడ వదిలిందనుకున్నాను. "మరి?"

"నేను తిరుగుతున్న."

దుప్పటి మీద ఆమె అరచేతులు పాట వరుసకు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. చప్పుడు లేదు. ముఖం మీద చెమట పట్టింది, ఆడినవాళ్లకు పట్టినట్టు. నేను తీసి పెట్టుకుని విన్నాను. కుడి పక్క ఒక గొంతు ఉంది, అది కుడి పక్కనే ఉంది. స్వరూప గొంతు, పోల్చుకున్నాను. ఎడమ పక్క ఇంకొకామె, ఆమె ఎడమ పక్కనే ఉంది. ఈమెకు పాట రాదు. అందరూ అన్నాక ఉయ్యాలో అని మాత్రం అంటోంది. వాళ్లిద్దరూ కదలడం లేదు. ఆగిపోయిన లారీ హారన్, రోడ్డు పక్క మైకు, జనం కేకలు, ఇవన్నీ చుట్టూ తిరుగుతున్నాయి. అంటే వరుసలో వాళ్లిద్దరి నడుమ నడుస్తున్న మనిషి చెవితో వింటున్నాను.

ఆ సాయంత్రం దుకాణానికి వచ్చిన స్వరూపను అడిగాను, యాదగిరి రికార్డు చేసిన రోజు ఆటలో నీ ఎడమ పక్క ఎవరున్నారని.

"చాంది ఉండె సారూ. తండ నుంచి వచ్చి కూరగాయలమ్ముతది సూడు, గామె. దానికి పాట రాదు. అందరన్నంక ఒక్క ఉయ్యాలో అంటది." అని నవ్వింది. మళ్లీ తనే ఆగి, "కని నా పక్కపొంటి కాదు. నడుమ ఒక మనిషి జాగ ఇడిసినం" అంది.

"ఎందుకు?"

"ఏమో. ఎవలో ఉన్నరనే అనుకున్న. సప్పట్లు కొడితె ఆమెకు మోచెయ్యి తగుల్తదని జర జరిగి ఆడిన. ఆట అయినంక చూస్తే ఎవల్లేరు. చాంది నడిగితె అది గూడ గట్లనే అన్నది."

యాదగిరి గల్లాపెట్టె దగ్గర నుంచే అన్నాడు: "రోడ్డు మీద ఆడిరి, ఇంట్లనా? జాగ ఉండె, ఇడిసిండ్రు. గంతే."

కావచ్చు. కానీ చాంది అనే మనిషిని మా అమ్మ ఎన్నడూ చూడలేదు. మాకు కూరగాయలు నేనే మార్కెట్ నుంచి తెచ్చేవాణ్ణి. స్వరూప చెప్పకముందే, ఆ పొద్దున నేను ఇయర్‌ఫోన్ తీస్తుండగా అమ్మ నాతో ఒక మాట అంది. "నా ఎడమ పక్కామెది మనోళ్ల మాట కాదురా, లంబాడామె. పాపం, పాట నేర్చుకుంటున్నది."

తర్వాత అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. మా ఇంట్లో పోయినవాళ్లను ఊరి శ్మశానానికి తీసుకెళ్లరు. గడీ వెనక మా సొంత తోటలోనే దహనం చేస్తారు. తాత, నాన్న అందరూ అక్కడే. "నన్ను ఆడికి తోలుకపోకు బిడ్డా. గంత దూరం ఒక్కదాన్నే ఏం జేసుకుంట? ఈళ్లతోని ఈడనే ఉంట."

నేను ఒప్పుకోలేదు. మా మర్యాద గురించి చెప్పాను. ఆమె విని, "మర్యాద నువ్వు ఉంచుకో" అని ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.

చలికాలం పోకముందే అమ్మ పోయింది. చెవుల్లో అవి ఉండగానే పోయింది. బంధువులు మాటలు మానేసినా, మానుకోటలో అందరినీ దహనం చేసే చోటే దహనం చేశాను. స్వరూప, గల్లీ ఆడవాళ్లు గల్లీ చివరి వరకు వెంట నడిచారు.

ఆ తర్వాత ఆ ఇయర్‌ఫోన్‌లో ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నా తల మధ్యలోనే వినిపించింది, కదలలేదు. తొడుగుల్లో లోపం లేదు, తీగ తెగలేదు. చవక మాలు ఎలా ఉండాలో అలాగే ఉంది. నాకు తెలిసిన పనిలో దీనికి కారణం దొరకలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ నేను చెవి మీద బతికినవాణ్ణి, ఆ చెవితో విన్నదాన్ని వినలేదని అనలేను.

రాష్ట్రం వచ్చిన ఏడాది, మాకు ఊళ్లో మిగిలిన ఆఖరి భూమి, తాతను, నాన్నను దహనం చేసిన ఆ గడీ వెనక తోటను తొర్రూరులోని ఒక పత్తి వ్యాపారికి అమ్మేశాను.