రాడ్డు పట్టుకోని కండక్టరు

కండక్టరుగారు రిటైరై పదమూడేళ్ళయినా ఆ సంగతి ఆయన కాళ్ళకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళు కదిలే బస్సులో నిలబడిన కాళ్ళవి. జానెడు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, అటో ఊపు ఇటో ఊపుగా నడుస్తారు. చదునైన వీధిలో కూడా ఆయనకు మాత్రం గుంతలుంటాయి. వెనకనుంచి చూసిన కొత్తవాళ్ళు, పొద్దున్నే ఈయనకు చుక్క ఎక్కడ దొరికిందో అనుకుని పక్కకు తప్పుకునేవారు.

ఆయన చెప్పుకునే గొప్ప ఒక్కటే. అంత సర్వీసులో ఏనాడూ రాడ్డు పట్టుకోలేదు. ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో చిల్లర. మూడో చెయ్యి దేవుడివ్వలేదుగా అనేవారు. బస్సులో ఉన్నంతకాలం అది పనితనం. ఇంటికి తెచ్చుకున్నాక జబ్బయి కూర్చుంది. మెట్లెక్కుతూ గోడ తాకరు, కుర్చీలోంచి లేస్తూ చెయ్యి ఆనించరు. భార్య ఉన్నప్పుడు స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక రాడ్డు వేయించమంది. "ఇదేమన్నా బస్సా? నేనే పట్టుకోను, నీకెందుకే?" అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. కిందటేడు అక్కడే జారింది. తుంటి విరిగి మూడు నెలలు మంచాన పడుకుని వెళ్ళిపోయింది. తరవాత రాడ్డు మాట ఆయనా ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

మాట ఎత్తలేదు గాని, కూతురు ఆదివారానికొక వస్తువు తెచ్చేది. జారని పట్టా తెచ్చింది. దాని అంచు తన్నుకుని ఆయన రెండుసార్లు తూలారు. నాలుగు కాళ్ళ వాకరు తెచ్చింది. దాని మీద తువ్వాళ్ళు చక్కగా ఆరేవి. మెడలో వేసుకునే గంట తెచ్చింది. పడితే నొక్కాలట.

"ఇన్నేళ్ళూ నేను గంట కొడితే బస్సాగేది. ఇప్పుడు నేనాగిపోయానని గంట కొట్టుకోవాలా తల్లీ?" అన్నారు కండక్టరుగారు.

చివరికి ఆమె, ఊరి చివరనున్న పెద్దల నివాసంలో ఒక గది ఖాళీ అయిందని కాగితం పట్టుకొచ్చింది.

"అక్కడ పడడానికి వీలే లేదట నాన్నా."

"నడవడానికి వీలుందా?"

"వేళాకోళం ఆపు. ఈ రెండో అంతస్తులో నువ్వొక్కడివే ఉన్నావని, ఫోను మోగితే చాలు, నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు."

ఆయనకు ఆ ఇల్లు వదలడమంటే ప్రాణం మీదికొచ్చింది. కిటికీలోంచి బస్టాపు కనిపిస్తుంది. ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆయన చూసి తిట్టకపోతే ఇంకెవరు తిడతారు? బేరం పెట్టారు. ఆసుపత్రి నుంచి నడక పరీక్ష చేసే అమ్మాయిని పిలిపించు, బాగుందంటే ఇక్కడే, బాలేదంటే అక్కడికి. కూతురు సరేనంది.

ఆ అమ్మాయి టేపు, గడియారం, ఒక ఫారం పట్టుకుని వచ్చింది.

"తాతగారూ, కుర్చీలోంచి లేచి, ఈ గీతదాకా నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. అంతే."

"టికెట్టు తీసుకోకుండానా?"

ఆమె నవ్వలేదు. ఫారంలో నవ్వుకి గడి లేదు మరి.

కండక్టరుగారు చెయ్యి ఆనించకుండా లేచారు. పరీక్ష కదా అని మామూలు కంటే శ్రద్ధగా నడిచారు, అంటే మామూలు కంటే ఎక్కువ ఊగారు. తిరిగొచ్చేటప్పుడు, జనాన్ని లెక్కపెట్టే పాత అలవాటు ఊరుకోక, వరసగా ఉన్న కుర్చీల వీపుల్ని వేలితో తడుముకుంటూ వచ్చారు. కూర్చుని "రైట్!" అన్నారు మీసం దువ్వుకుంటూ.

అమ్మాయి రాసుకుంది. కాళ్ళ మధ్య ఎడం ఎక్కువ. తూలుడు. వస్తువుల ఆసరాతో నడక. పడే ప్రమాదం: చాలా ఎక్కువ.

"ఆసరా కాదమ్మా, లెక్క! నన్ను బస్సెక్కించి చూడు. నువ్వు పడతావు, నేను పడను."

"ఫారంలో బస్సు లేదు తాతగారూ."

మాటంటే మాటే. రెండు రోజులకు తండ్రీ కూతురూ నివాసానికి వెళ్ళారు. గడప లేదు, మెట్టు లేదు, నేల మీద చుక్క తడి లేదు. గోడల వెంబడి రాడ్లే రాడ్లు. మూడేళ్ళుగా ఇక్కడ ఒక్కరూ పడలేదని మేనేజరు గర్వంగా చెప్పాడు. పడడానికి ముందు లేవాలి కదా! పెద్దవాళ్ళంతా చక్రాల కుర్చీల్లో, రెండు వరసల్లో, ఒకే వైపు చూస్తూ కూర్చునున్నారు. కండక్టరుగారు నడుమ నిలబడి వేలితో లెక్కపెట్టారు.

"ఇరవై రెండు. ఫుల్లు. ఎన్నింటికండీ కదిలేది?"

"నేనెక్కి రెండేళ్ళయింది నాయనా," అంది చివరి వరసలో ముసలావిడ. "ఇంకా డ్రైవరు రాలేదు."

మేనేజరు ఫారం చదివాడు. మొహం మాడ్చుకున్నాడు.

"మేడమ్, ఈయనకి పడే ప్రమాదం చాలా ఎక్కువని రాశారు."

"అందుకేగా తీసుకొచ్చాను!"

"అందుకే తీసుకోలేమండీ. పడేవాళ్ళని చేర్చుకుంటే పడతారు. మా మూడేళ్ళ పేరు మట్టిలో కలిసిపోదూ? బాగా నడుస్తారని రాయించుకు రండి."

"బాగా నడిస్తే ఇంట్లోనే ఉంటారు కదండీ?"

మేనేజరు ఫారం మడిచి తిరిగిచ్చేశాడు. "మంచిదేగా మేడమ్," అన్నాడు.

తిరుగు దారంతా కండక్టరుగారి మొహం వెలిగిపోతూనే ఉంది. మెట్లు కూడా హుషారుగా ఎక్కేశారు. తలుపు తాళం తీసి వెనక్కి చూస్తే కూతురు లేదు. సగం మెట్ల మీద కూర్చుండిపోయింది.

"నువ్వే గెలిచావులే నాన్నా," అంది. "రేపట్నించి నేను మళ్ళీ ఫోను చూసి భయపడతా. అమ్మ పడ్డ రోజు ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఫోను నుంచి నాలుగుసార్లు మోగింది. ఎత్తలేదు."

ఈ నాలుగు ఫోన్ల సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. తప్పంతా తన ఒక్కడిదేనని, ఎవరికీ పంచకుండా దాచుకున్నారు. మెల్లగా దిగి ఆమె పక్కన కూర్చున్నారు.

"రాడ్డు వేయించమని నన్నడిగిందమ్మా. నేనే నవ్వులాట చేశాను," అన్నారు. తరవాత, "రేపు ప్లంబర్ని పిలు," అన్నారు.

మర్నాడు ప్లంబరు స్నానాలగదిలో నిలబడి, "ఎంత ఎత్తులో వెయ్యమంటారు సార్? ఒకసారి పట్టుకున్నట్టు చెయ్యి పెట్టండి," అన్నాడు.

ఎన్నడూ పట్టుకోని చెయ్యి. ఎక్కడ పెట్టాలో దానికి తెలియలేదు. చివరికి గోడ మీద ఒకచోట ఆనించారు. ప్లంబరు పెన్సిలు తీశాడు.

"కాదు, ఇంకాస్త కింద," అన్నారు.

"ఇక్కడా?"

"ఇంకాస్త."

"మరీ కిందకైతే మీరు వంగాలి సార్. నడుం పట్టేస్తుంది."

"ఆవిడ నా భుజందాకానే వచ్చేది," అన్నారు కండక్టరుగారు.

ప్లంబరుకు అర్థం కాక గుమ్మంలో ఉన్న కూతురి వంక చూశాడు.

"అక్కడే ఒకటి వెయ్యి," అంది ఆమె. "పైన ఇంకోటి, నాన్నకి."