పెదనాన్న వన్స్ మోర్ అన్న సాయంత్రం

ఇది తూర్పూ పడమరా ఒకే వేదిక మీద తలపడిన మహాగాథ. అంటే, అలా రాద్దామనుకున్నాను. జరిగింది మాత్రం ఇంతే: ఒక ఆదివారం సాయంత్రం మా పెదనాన్న ఉయ్యూరు నుంచి బస్సులో విజయవాడ వచ్చి పాటలు విన్నారు.

పెదనాన్న మా చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు పద్యనాటకాలు ఆడారు. పద్యం కుదిరితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. చచ్చి పడి ఉన్న పాత్రయినా సరే, లేచి, బట్టలు దులుపుకొని, మళ్లీ పాడి మళ్లీ చావాలి. ఒక ప్రదర్శనలో ఆయన మూడుసార్లు పోయారట. ఇంటికి మాత్రం క్షేమంగానే వచ్చారు.

ఈ కచేరీలో పాడేది యూరప్ నుంచి వచ్చిన గాయని. పాటలన్నీ ఇటాలియన్‌లో. ఏర్పాటు చేసిన మేడమ్ రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. ఆవిడ నడిపే కళాసంఘంలో నేను కుర్చీలు వేసే స్థాయి సభ్యుణ్ని. పెదనాన్నకి పాసు అడిగితే, "ఆయనకేం అర్థమవుతుందయ్యా? పాట మధ్యలో నోరెత్తారంటే ఇక నువ్వు కూడా రానక్కర్లేదు" అన్నారు. పూచీ నాది అన్నాను. పాటల సారాంశం తెలుగులో రాసి పెదనాన్న చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు.

ఇంకో పాట మిగిలి ఉందనగా వచ్చిన పాటలో నాయిక చనిపోతుంది. గాయని ఆఖరి స్వరాన్ని సాగదీసి, ఇంకా సాగదీసి, తల వాల్చేసింది. హాలంతా నిశ్శబ్దం. పెదనాన్న లేచి నిలబడ్డారు.

"వన్స్ మోర్!"

నా సభ్యత్వం అక్కడికక్కడే పోయినట్టనిపించింది. చొక్కా పట్టుకు లాగాను.

"కూర్చోండి పెదనాన్నా. ఇక్కడ అలా అనరు."

"బాగుంటే ఏం చేస్తార్రా మరి?"

"చప్పట్లు కొడతారు."

"కొడితే మళ్లీ పాడుద్దా?"

గాయని నవ్వి, పియానో వాయించే ఆయనకి తలూపింది. మళ్లీ పాడింది, మళ్లీ పోయింది.

పెదనాన్న కళ్లు చెమర్చి ఉంటాయి, రాసుకోవడానికి పనికొస్తుంది కదా అని తిరిగి చూశాను. పొడిగా ఉన్నాయి. రెప్ప వేయకుండా ఆవిడ భుజాల వంకే చూస్తున్నారు.

పాట అవగానే మేడమ్ మా వరుసలోకి వచ్చారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆయన్ని అడిగారు.

"ఇటాలియన్ వచ్చాండీ మీకు?"

"రాదండీ."

"మరి మళ్లీ ఎందుకు పాడమన్నారు?"

"ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటందో దొరకలేదండీ. ముప్పయ్యేళ్లు పాడాను, భుజం ఎగరకుండా ఒక్కసారి కూడా తీసుకోలేకపోయాను."

"ఈసారి దొరికిందా?"

"లేదండీ."

మేడమ్ నా వైపు తిరిగారు. "వచ్చేసారి ఈయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టు" అన్నారు.

కళకి ఎల్లలు లేవని రాసేయడానికి ఇంతకంటే అదను దొరకదు. కానీ ఒకే పాట రెండుసార్లు పాడటంతో ఆఖరి పాట ఎగిరిపోయింది. హాలు ఎనిమిదింటి వరకే బుక్ చేశారట. వాచ్‌మన్ వచ్చి ఏసీ కట్టేశాడు.