పల్లకిని తలకిందులు చేసిన అప్‌డేట్

పెళ్లికూతురిని పల్లకిలో కూర్చోబెట్టి, ఆ పల్లకిని గబ్బిలంలా వేలాడదీసి, బోయీల కాళ్లను ఆకాశానికి ఎత్తించిన ఘనత ఈ హైదరాబాదులో నాకు తప్ప ఇంకొకరికి దక్కలేదు. అదీ పట్టు జాకెట్టు వీపు మీద, బంగారు జరీతో. అదీ నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ కూతురి పెళ్లికి. ఎలా జరిగిందో చెబుతాను, మీరు మొహమాటపడకుండా నవ్వండి. నాకు నవ్వు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ ఆలస్యం మీకెందుకు?

అబిడ్స్ పెద్ద రోడ్డు వెనక గల్లీలో మాకొక చిన్న దుకాణం ఉంది. జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తాం. కంప్యూటర్‌లో డిజైన్ ఎంచుకుంటే చాలు, మిషను సూది తనంతట తానే టకటకా కుట్టుకుంటూ పోతుంది. మిషను చూసుకునేది సలీం భాయ్. కంప్యూటర్‌కూ మిషనుకూ మధ్య మాట కలిపే ప్రోగ్రామ్ రాసిచ్చింది మా చెల్లెలి కొడుకు నవీన్. వాడు హిమాయత్‌నగర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాడు.

పొద్దున కంప్యూటర్ తెరవగానే అప్పుడప్పుడు తెర మీద ఒక డబ్బా ప్రత్యక్షమయ్యేది. నవీన్ మొదటి రోజే చెప్పాడు: "పెద్దమ్మా, గీ డబ్బా వస్తే మూసెయ్. ఇంకేం ముట్టకు."

నాకు చదువు రాదు కాబట్టి ముట్టలేదు. చదువురాని మనిషికి ఉన్నంత క్రమశిక్షణ పటాలంలో కూడా ఉండదు.

తర్వాత నాకు చదువొచ్చింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

మనవరాలు బడికి పోయే వయసులో నేను బడికి పోయాను. బడి అంటే నాంపల్లిలో విమల టీచర్ ఇంటి ముందుగది. సాయంత్రాలు మా వయసు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని ముందు తెలుగు, ఆ వెనక ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది. "చదువుడంటే చివరిదాక చదువుడు, బాలమణీ! మొదటి మాట చూసి మిగిలింది ఊహించుకునుడు గాదు" అని రోజూ చెప్పేది. నేను ఆ మాటను కూడా సగమే విన్నట్టున్నాను.

కొత్తగా చదువొచ్చిన మనిషి కొత్తగా పళ్లొచ్చిన పిల్లలాంటిది. ఏది దొరికితే దాన్ని కొరుకుతుంది. బస్సు బోర్డులు, ఉప్పు ప్యాకెట్లు, "ఇక్కడ పోస్టర్లు అంటించరాదు" అన్న గోడ మీది పోస్టర్లు, అన్నీ పైకే చదివేదాన్ని. "నీకు చదువు రాకముందు ఇల్లు జర నిమ్మళంగ ఉండె" అని మా ఆయన నిట్టూర్చేవాడు.

ఇంతలో టీచరమ్మ కూతురు దీపిక పెళ్లి కుదిరింది. చీరతో పాటే నేసి వచ్చిన జాకెట్టు గుడ్డ తీసుకుని టీచరమ్మే దుకాణానికి వచ్చింది. ఆ రంగు, ఆ నేత మళ్లీ ఎక్కడా దొరకవు. ఉన్నది ఆ ఒక్క ముక్కే.

"వీపు మీద పల్లకి కావాలె బాలమణీ. కానీ ఒక్క మాట. పల్లకి కుడిదిక్కుకే పోవాలె. అత్తారింట్ల కుడికాలు పెట్టే పిల్ల, పల్లకి గూడ కుడికే పోవాలె. మా ఇంట్ల గిదొక పట్టింపు."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి టీచరమ్మా. గిది నా గురుదక్షిణ."

"దక్షిణ సంగతి తర్వాత. ముందు పని మంచిగ చెయ్."

ఎల్లుండి పెళ్లనగా, ఆ గుడ్డను చట్రానికి బిగించిన రోజు పొద్దున్నే, తెర మీద డబ్బా ప్రత్యక్షమైంది. ఇన్నాళ్లూ అది నాకు డబ్బా. ఆ రోజు అందులో అక్షరాలు కనిపించాయి! వేలు పెట్టి కూడబలుక్కున్నాను. కొత్త మేజర్ వెర్షన్ వచ్చిందట, అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతోంది. ఎంత మర్యాద! మా ఇంట్లో నన్ను అంత మర్యాదగా ఎవరూ ఏదీ అడగరు. కింద ఇంకేదో సన్నటి అక్షరాలలో చీమల బారులా ఉంది. చీమలను ఎవరు చదువుతారండీ?

"అక్కా, నవీన్ బాబును అడుగుండ్రి జర" అన్నాడు సలీం భాయ్.

"ఎందుకు? నాకు చదువొచ్చు గదా!"

నొక్కాను. తెర మీద ఒక గీత పాకింది, రంగులు మారాయి, మీటలు గుండ్రంగా అయ్యాయి. మా పాత కంప్యూటర్ ఫేషియల్ చేయించుకున్న పెద్దావిడలా మెరిసింది.

ముందు చేతుల మీది పూలు కుట్టించాం. చక్కగా వచ్చాయి. గుండ్రటి పువ్వును ఎటు తిప్పినా పువ్వేనన్న జ్ఞానం నాకు అప్పటికి లేదు.

"చూసినవా సలీం భాయ్? ఎంత సాఫ్‌గ వచ్చిందో!"

"మంచిగనే వచ్చింది అక్కా. కానీ ఏం మారినా ముందుగాల పాత గుడ్డ మీద కుట్టి చూసుడు మన పద్ధతి గదా. పల్లకి గూడ ఒక్కపారి పాత గుడ్డ మీద..."

"గది మిషన్ల దారమో సూదో మారితే. గిప్పుడు మారింది కంప్యూటర్. గీ పల్లకిని ఎన్ని పెండ్లిళ్లకు కుట్టలే మనం? పో, ఛాయ్ తాగి రా."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో మతితో పాటు మిషను కూడా పోయింది.

అతను అటు వెళ్లగానే పల్లకి డిజైన్ పెట్టి మిషను నడిపాను. సూది ఠీవిగా కుడుతుంటే నేను మిర్చీబజ్జీ పొట్లం కాగితం విప్పి చదువుకుంటూ కూర్చున్నాను. సలీం భాయ్ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"యా అల్లా! అక్కా, బోయీలు సర్కస్‌ల చేరిన్రా?"

చూశాను. పల్లకి బోర్లాపడింది. పెళ్లికూతురు తల కిందికి పెట్టి నవ్వుతోంది. నలుగురు బోయీలు కాళ్లు పైకెత్తి శీర్షాసనం వేశారు. మెడ చుట్టూ ఉండాల్సిన మల్లెతీగ నడుం దగ్గర వేలాడుతోంది. విప్పుదామంటే పట్టు మీద సూది రంధ్రాలు మిగిలి జల్లెడవుతుంది.

ఫోన్ చేశాను. "నవీనూ, పల్లకి తలకిందులు కుట్టింది బిడ్డా!"

"పెద్దమ్మా... డబ్బా ముట్టినవా?"

"ముట్టలేదు. చదివిన."

"సచ్చినం పో!"

బండి మీద ఊడిపడ్డాడు. రాగానే ఆ డబ్బాను మళ్లీ తెర మీదికి రప్పించి, చీమల బారును పెద్దది చేసి చూపించాడు. "ఈ వెర్షన్‌లో కొలత పైనుంచి కిందికి. పాత డిజైన్లు తలకిందులుగా రావచ్చు" అని ఇంగ్లీషులో శుభ్రంగా రాసి ఉంది.

"నా ప్రోగ్రామ్ మొత్తం నేను రాయలే పెద్దమ్మా. కుట్టు లెక్కలు వేరేటోళ్లు రాసిపెట్టిన లైబ్రరీల నుంచి తెచ్చుకున్న. నువ్వు సాంబార్ పొడి కొనుక్కుంటవు సూడు, గట్ల. గీ పాత లైబ్రరీ గుడ్డను కింది నుంచి పైకి కొలిచేది. కొత్త దాంట్ల పైనుంచి కిందికి మార్చిన్రు."

"ఎందుకు మార్చిన్రు? మంచిగున్నదానికి ఏం రోగం?"

"గట్లనే కరెక్టంట."

"అంటే సాంబార్ పొడోడు చెప్పకుండ ఉప్పు కలిపి అమ్మిండు. నేను ఎప్పటి లెక్కనే మళ్ల ఉప్పేసిన. అంతేనా?"

"చెప్పిండు పెద్దమ్మా. డబ్బా మీద రాసిండు."

"మరి అంత ప్రమాదమున్న మీటకు నువ్వు తాళమన్న ఎందుకు పెట్టలేదురా?"

వాడు తల గోక్కున్నాడు. "గది నాకోసం పెట్టుకున్న డబ్బా. నీకు చదువు రాదు గదా అన్న ధైర్యంతోని..."

చూశారా? పెద్ద పెద్ద కంప్యూటర్ కోటలకు కాపలా ఉన్నది నా నిరక్షరాస్యత! దాన్ని టీచరమ్మ పడగొట్టింది. మన ఊళ్లో టాకీసును కూలగొట్టి ఎన్నేళ్లయినా బస్‌స్టాప్‌ను ఆ టాకీసు పేరుతోనే పిలుస్తాం. పాత మనిషి వస్తే దారి తప్పకూడదు కదా. ఇంత చిన్న ఇంగితం ఆ లైబ్రరీ రాసినవాళ్లకు ఎవరూ నేర్పలేదు.

"ఫికర్ చెయ్యకు. అయిదు నిమిషాల్ల పాత వెర్షన్ వెనుకకు తెస్త" అన్నాడు నవీన్.

"వెర్షన్ వెనుకకొస్తది. గుడ్డ వెనుకకొస్తదా?"

సరిగ్గా అప్పుడే గల్లీలో టీచరమ్మ గొంతు వినిపించింది. పక్కనే దీపిక. చట్రంతో సహా గుడ్డను ఊడబెరికి ఛాతీకి అదుముకున్నాను.

"ఏది బాలమణీ, పల్లకి చూపెట్టు."

"ఇంక కాలేదు టీచరమ్మా. కొంచెం దారాలు కత్తిరించేది..."

"దారాలకేంది? ఇటు తే." దీపిక నా చేతుల్లోంచి చట్రం లాగేసుకుంది.

కళ్లు మూసుకున్నాను. తిట్లు రాలేదు. శాపనార్థాలు రాలేదు.

"అబ్బ! ఎంత ముద్దుగున్నది మమ్మీ!"

ఒక కన్ను తెరిచాను. కంగారులో నేను చట్రాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. ఇప్పుడు బోయీలు కాళ్ల మీద నిలబడ్డారు. పెళ్లికూతురు నిటారుగా కూర్చుంది. మల్లెతీగ బుద్ధిగా మెడ దగ్గరకు చేరింది. మా పనిలో ముందు కుట్టు, ఆ తర్వాతే కోత. గుడ్డ ఇంకా కోయలేదు కాబట్టి, తిప్పి కోస్తే జాకెట్టు భేషుగ్గా వస్తుంది! సలీం భాయ్ గుండె మీద చేయి వేసుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

టీచరమ్మ మాత్రం కళ్లద్దాలు సవరించుకుంది. సున్నాకు, అరసున్నాకు తేడా కనిపెట్టే కళ్లు అవి.

"బాలమణీ, పల్లకి ఎడమదిక్కు పోతున్నదేంది?"

నవీన్ నా చెవిలో గొణిగాడు. "తలకిందులైనదాన్ని తిప్పినం గదా పెద్దమ్మా. నిలబడ్డది గానీ, అద్దంల బొమ్మ లెక్క దిక్కు మారింది."

ఇక దాచి లాభం లేదని డబ్బా నుంచి బజ్జీల కాగితం దాకా అంతా చెప్పేశాను. టీచరమ్మ ముఖం గంటుపెట్టుకుంది. "నీకు చదువుడు నేర్పిన. నొక్కుడు నేర్పిన్నా? కుడికి పోతే అత్తారిల్లు. మరి గిది ఎటు పోతున్నట్టు?"

దీపిక గుడ్డను వీపుకు ఆనించుకుని అద్దంలో చూసుకుంది. "ఇంకెటు మమ్మీ? మన ఇంటికే. అత్తారింటికి పోయినోళ్లు పండుగకని పుట్టింటికి రావద్దా? నాకు గిదే కావాలె."

టీచరమ్మ పల్లకిని మళ్లీ ఒకసారి చూసింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "సరే తియ్. కోయుమను" అంది.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నేను మంచిదాన్నయ్యేదాన్ని. పెళ్లిలో ఆ జాకెట్టు చూసిన ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు దుకాణానికి వచ్చారు. "పుట్టింటికి పోయే పల్లకి మీ దగ్గరనే కుడుతరంట గదా ఆంటీ?" అందరికీ ఎడమవైపుదే కావాలి. నవీన్ పాత వెర్షన్ వెనక్కి తెచ్చి, తాళం వేసి, గర్వంగా చేతులు దులుపుకున్న రోజే ఆ గిరాకీ మొదలైంది. నేను ఫోన్ అందుకున్నాను.

"ఒరేయ్ నవీనూ! మంచిగున్నదాన్ని ఎందుకు చెడగొట్టినవురా? నా తప్పు నాకు మళ్ల తెచ్చియ్యి!"

ఇప్పుడు మా కంప్యూటర్‌లో రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉన్నాయి, తోడికోడళ్లలా, మాటల్లేకుండా.

కనుక, సూది సాక్షిగా, దారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చీమల బారును చివరి చీమ దాకా చదవనిదే ఏ మీటా నొక్కను. పాత గుడ్డ మీద కుట్టి చూడనిదే పట్టును ముట్టను. డబ్బా ఎంత మర్యాదగా అడిగినా సరే. మర్యాదగా అడిగితే అసలే నొక్కను.