సిరంజి డాక్టరు సొంత కేసు

ఆ రోజుల్లో మనిషి ఎంత చదివితే చదువు పూర్తయినట్టో ఎవరూ చెప్పేవారు కారు. ఇప్పుడూ చెప్పరనుకోండి. ఎంబీబీఎస్ అయింది, సర్జరీ అయింది, దాని మీద యూరాలజీ అయింది, పెళ్లయింది, నెత్తిమీద పంట సగం కోతకొచ్చింది. అయినా ఇంకో ఏడాది ఫెలోషిప్పు చేస్తే తప్ప మూత్రపిండాల్లో రాళ్లను కోత లేకుండా తీయడం రాదన్నారు. సరేనని సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మళ్లీ విద్యార్థిగా చేరాను. (అదే వారం మా అమ్మాయి ఎల్కేజీలో చేరింది. దానికి మొదటి రోజే పలకా బలపం చేతికిచ్చారు. అక్కడే తండ్రికన్నా ఒక మెట్టు పైకెక్కింది.)

నా చేతికి సిరంజి ఇచ్చారు. లేజరుతో రాయిని పొడి చేస్తుంటే లోపల మసక కమ్ముతుంది. అది పోవడానికి సిరంజితో సెలైను కొడుతూ ఉండాలి. మా పెద్ద డాక్టరుగారు మూత్రనాళంలోకి పంపే సన్నటి దూర్బీను పట్టుకుని తెరవైపు చూస్తూ "కొట్టండి" అంటే కొట్టాలి, "ఆపండి" అంటే ఆపాలి. పదకొండు నెలల్లో నేను కొట్టిన సెలైను ఒకచోట పోస్తే హుస్సేన్‌సాగర్ రెండుసార్లు అలుగు పారేది. నా కుడి బొటనవేలు మల్లయోధుడి తొడలా తయారైంది. దూర్బీను మాత్రం నా చేతికి రాలేదు. ఆయన తన మనవణ్నైనా ఎత్తుకోనిస్తారేమో గానీ దాన్ని ఇవ్వరు. "సార్, ఒక్క కేసు సొంతంగా..." అని నసిగితే, "ఎందుకండీ కంగారు? చూడటం కూడా నేర్చుకోవడమేనండీ" అనేవారు, గోదావరి మర్యాదంతా గొంతులో నింపుకుని. చూస్తేనే వచ్చేటట్టయితే మా మామగారు ఈపాటికి భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయ్యుండాలి.

దీనికి తోడు సీసపు ఏప్రన్ ఒకటి. ఎక్స్‌రే కిరణాలు సోకకుండా దాన్ని పొద్దున తొడిగితే సాయంత్రమే విప్పడం. ఏనుగుపిల్లను చంకనెత్తుకున్నంత బరువు. మధ్యలో బాత్రూముకు వెళ్లాలంటే అన్నీ విప్పి, మళ్లీ చేతులు కడిగి, మళ్లీ గౌను తొడగాలి. ఈలోగా పెద్దాయన "సిరంజి ఏరండీ?" అని అడిగేవారు. (నన్నే. పేరు ఎప్పుడో పోయింది.) అందుకని నీళ్లు తాగడమే మానేశాను. ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చి మాత్రం, పెదవులు పిడచకట్టుకుపోయి, ప్రతి పేషెంటుకూ "రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి" అని ఉపన్యాసమిచ్చేవాణ్ని. మా థియేటర్ సిస్టరమ్మ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, దేనికీ మొహమాటపడదు. "సార్, అందర్కి చెప్తరు, మీరెప్పుడు తాగుతరు? ముఖం సూడుండ్రి, ఎండబెట్టిన చింతతొక్కు లెక్క అయింది" అనేది.

నాతోపాటే అదే రోజు చేరిన ఇంకో ఫెలో ఉండేవాడు. పెద్దాయన చిన్ననాటి స్నేహితుడి కొడుకు. అందరూ అల్లుడుబాబు అనేవారు. కాఫీ కూడా అతనికి ముందు వచ్చేది. అతని పని తెర మీది దృశ్యాన్ని వీడియో తీసే బటన్ నొక్కడం. అతనికీ సొంత కేసు లేదు, అదొక్కటే నాకు ఊరట. ఇంతలో వరంగల్‌లో ఒక కొత్త ఆసుపత్రిలో రాళ్ల డాక్టరు ఉద్యోగం పడింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. షరతు ఒక్కటే: కనీసం ఒక్క ఆపరేషనైనా సొంతంగా చేసినట్టు గురువుగారు లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి.

ఇక నేను పెద్దాయన చుట్టూ తిరిగిన తిరుగుడు గుడి చుట్టూ తిరిగుంటే దేవుడు విసుగెత్తి ప్రత్యక్షమయ్యేవాడు. చివరికి కరిగారు. అప్పటికి మా ఏడాదికి మిగిలింది ఒక్క వారం. శనివారం ఆయన కాన్ఫరెన్సుకు విమానమెక్కుతున్నారు. గురువారం అల్వాల్ సుబేదారు గారి కేసు నాది. పటాలంలో రిటైరైన పెద్దమనిషి, మూత్రనాళం కింది భాగంలో బఠాణీ గింజంత రాయి. దానంత సులువైన రాయి, అందమైన రాయి ప్రపంచంలో లేదు. ఆ నాలుగు రాత్రులూ దాన్ని కలలో చూశాను. నిద్రలోనే సిరంజి నొక్కుతున్న నా బొటనవేలిని మా ఆవిడ పట్టుకుని ఆపేది.

బుధవారం పొద్దున సుబేదారు గారు వచ్చి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టి, చిన్న సీసా నా బల్లమీద పెట్టారు. "డాక్టర్ సాబ్, డ్యూటీ ఖతం! రాయి పడ్డది!"

"పడిందా? ఎలా పడింది?" అన్నాను, జేబు కొట్టేయించుకున్నవాడిలా.

"మీ ఆర్డర్ కదా సాబ్. మీరు మూడు లీటర్లన్నరు, నేను ఆరు తాగిన. గడియారం పెట్టుకోని గంటకో గిలాస. మెట్లు ఎక్కిన, దిగిన. పొద్దుగాల టక్కుమని పడ్డది. డాక్టర్ అంటే మీరే సాబ్! ఇగ ఆపరేషన్ తక్లీఫే లేదు!"

నా వైద్య జీవితంలో నా మాట విన్న మొట్టమొదటి పేషెంటు ఆయనే. ఆశ చావక స్కానింగ్ చేయించాను. రెండో కిడ్నీలోనూ వెతికించాను. ఇసుక రేణువు కూడా లేదు. మనిషి లోపల అద్దంలా ఉన్నాడు. లడ్డూ చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆ లడ్డూ సగంలో ఉండగానే నా ఎడమ నడుములో ఎవరో బల్లెం దించి, తిప్పి, ఇంకోసారి తిప్పారు. పదకొండు నెలలుగా వందల నోళ్ల నుంచి విన్న నొప్పే. వినడానికీ పడటానికీ ఉన్న తేడా నేల మీద దొర్లుతూ తెలుసుకున్నాను. సిస్టరమ్మ నన్ను స్ట్రెచర్ మీద వేయించి, "చెప్పిన్నా లేదా, చెప్పిన్నా లేదా?" అంటూనే సూది వేసింది. స్కానింగ్‌లో చూస్తే మూత్రనాళం కింది భాగంలో రాయి. సుబేదారు గారిదానికి కవల.

పెద్దాయన ఫిల్ము చూసి సంతోషించారు. "ఎలాగూ రేపటి స్లాటు ఖాళీయేనండీ. సులువైన రాయి. బాబు చేస్తాడు. పేషెంటు మనవాడే కదా, దావా వెయ్యడు."

మర్నాడు వెన్నులో మత్తు ఇచ్చి, కాళ్లు రెండూ పైకెత్తి కట్టేశారు. నడుము కింద నేను లేను, పైన మాత్రం పూర్తిగా ఉన్నాను. తెర నా కళ్లెదుటే ఉంది. దూర్బీను అల్లుడుబాబు చేతికి వెళ్లింది.

"అన్నయ్యా, మసగ్గా ఉంది" అన్నాడు నాతో.

"నీళ్లు కొట్టించు. సిస్టర్, మెల్లగా! గట్టిగా కొడితే రాయి పైకి పారిపోతుంది" అన్నాను.

"సార్, మీరు పేషెంటు. ఊకె పండుండ్రి" అంది సిరంజి పట్టుకున్న సిస్టరమ్మ.

"రాయి మధ్యలో కాదు బాబూ, అంచు నుంచి పొడిచెయ్యి. ఇంకా ఎడమకి. ఎడమకి అంటుంటే! గోడకు తగిలిస్తావా? అది నాది!" అని అరిచాను.

పెద్దాయన స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "చూశావా బాబూ, మన సిరంజికి ఎంత వచ్చో!" అని మెచ్చుకున్నారు. ఏడాదిలో అదే మొదటిసారి. నా బొటనవేలు గాలిలో దానంతటదే నొక్కుకుంటోంది. అరగంటలో రాయి పొడైపోయింది.

శుక్రవారం లాగ్‌బుక్కులు వచ్చాయి. 'సొంతంగా చేసినవి' అన్న గడిలో అల్లుడుబాబుకు ఒకటి, నాకు సున్నా. మంచం మీంచే వాదించాను: "సార్, ఎటు తిప్పాలో, ఎక్కడ పేల్చాలో అంతా నేనే చెప్పాను కదా!"

"కాదన్నానా అండీ? చూడండి, 'సహాయం చేశారు' అని రాశాను." నిజంగానే రాశారు. చక్కటి చేతిరాత.

పదిరోజులకు వరంగల్‌లో ఇంటర్వ్యూ. ముందు అల్లుడుబాబును పిలిచారు, తర్వాత నన్ను. లోపలికి వెళ్లేసరికి గోడ మీది తెరపై అతని వీడియో ఆగి ఉంది. గులాబీరంగు సొరంగం, మధ్యలో రాయి. నన్ను నేను వెంటనే గుర్తుపట్టాను.

"చాలా శుభ్రంగా చేశారండీ ఆ డాక్టరుగారు" అన్నాడు డైరెక్టరు. "మీరు ఇలాంటి కేసు సొంతంగా చేశారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదండీ. చేయించుకున్నాను" అన్నాను. వాళ్లు నవ్వలేదు. ఉద్యోగం అతనికి వచ్చింది. నా రాయి మీద అతను కాపురం పెట్టాడు.

ఇప్పుడు నాకూ సొంత దూర్బీను ఉంది, నెత్తిమీద పంట పూర్తిగా ఇంటికి చేరింది, తీసిన రాళ్లతో ఒక ప్రహరీ కట్టొచ్చు. అయినా వరంగల్ వైపు వెళ్లినప్పుడల్లా ఆ ఆసుపత్రి మీది అతని నిలువెత్తు బొమ్మ చూసి ఎడమ నడుము తడుముకుంటాను. నొప్పి ఉందేమోనని కాదు, ఉంటే బాగుండునని. మిగిలిపోయిన ముక్క ఒక్కటైనా దొరికితే అతన్ని మనసారా తిట్టుకుందునని. ఇన్నేళ్లుగా ఏటేటా స్కానింగ్ చేయించుకుంటున్నాను. ఒక్క రేణువు లేదు. వెధవ, అంత బాగా తీశాడు. తీయించినవాణ్ని నేనే కదా అనుకుని, చీకట్లో కారు నడుపుతూ కొంచెం నవ్వుకుంటాను.